ఒక గౌరవ సభ్యుడు

ఈ దేశంలో ఎవరు మాట్లాడాలో, ఎవరు నోరు మూసుకోవాలో తేల్చేది నేను. ప్రధాని అయినా సరే, నేను వేలు కదిపితేనే ఆయన గొంతు జనానికి చేరుతుంది. కదపకపోతే ఆయన కూడా స్నానాల గదిలో పాడుకునే మనిషితో సమానం.

ఈ మాట సోమవారం పొద్దున సభ క్యాంటీన్లో, టీ తాగుతున్న డ్రైవర్ల ముందు చెప్పాను. వాళ్లు కళ్లార్పకుండా విన్నారు. ఒకాయనైతే గౌరవం పట్టలేక లేచి తన కుర్చీ నాకిచ్చాడు. నేనందులో సర్దుకుని కూర్చునేలోపే మా సౌండ్ సూపర్‌వైజర్ గారు వచ్చి, "ఒరే, నువ్విక్కడున్నావా? ఇవాళ్టి నుంచి మెయిన్ బల్ల మీద ముని కూర్చుంటాడు. నువ్వు పక్క బల్ల," అన్నారు.

డ్రైవర్ తన కుర్చీ తను తీసేసుకున్నాడు.

పక్క బల్ల అంటే ఏమిటో చెప్పాలి. మైకుల మీటలన్నీ ఉండే మెయిన్ బల్ల పాడైతే వాడటానికి ఉంచిన బల్ల అది. మెయిన్ బల్ల నేను పుట్టకముందు నుంచీ పాడవలేదు. కాబట్టి పక్క బల్ల ముందు కూర్చున్నవాడి పని, మెయిన్ బల్ల ముందు కూర్చున్నవాణ్ణి చూడటం. అలా చూసీ చూసీ మునికంటే ముందు ఆ కుర్చీలో ఉన్నాయనకి మెడ ఒక పక్కకే తిరిగేదట. అద్దెకి ఇల్లు వెతుక్కునేటప్పుడు కూడా ఎడమవైపు ఇళ్లే చూసేవాడట.

మా బూత్ సభకి పైన, అద్దాల గది. కిందికి చూస్తే అర్ధచంద్రంలా సీట్లు. సభాపతికి కుడిచేతివైపు ప్రభుత్వం, ఎడమచేతివైపు ప్రతిపక్షం, మధ్యలో రిపోర్టర్ల బల్ల. ప్రతి సీటు ముందూ ఒక మైకు, మైకు మెడలో ఒక ఎర్ర లైటు. సభ్యుడు లేస్తాడు, సభాపతి తలూపుతాడు, మేం ఆ సీటు మీట నొక్కుతాం. ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ గొంతు సభకీ, రేడియోకీ, రిపోర్టర్ల హెడ్‌ఫోన్లకీ వెళ్తుంది. రిపోర్టర్లు హెడ్‌ఫోన్లో వచ్చింది వచ్చినట్టు టైపు చేస్తారు. అదే రికార్డు. హెడ్‌ఫోన్లో రాని మాట ఈ దేశంలో ఎవరూ అననట్టే లెక్క.

ఆ రిపోర్టర్లలో మా అక్క ఒకతి. ఆమె వేళ్లు ఎంత వేగమంటే, ఒక్కోసారి మంత్రులు తాము ఏం చెప్పబోతున్నారో తెలుసుకోవడానికి ఆమె తెర వైపు చూస్తారు.

బూత్‌కీ రిపోర్టర్ల బల్లకీ మధ్య ఒక లైను ఉంది. సభలో కేకలు ఎక్కువై ఎవరి గొంతో తెలియనప్పుడు కింది నుంచి, "మాట్లాడుతున్నదెవరు?" అని అడుగుతారు. మేం పైనుంచి చూసి చెబుతాం. మాకూ తెలియకపోతే రికార్డులో 'ఒక గౌరవ సభ్యుడు' అని పడుతుంది. ఆ లైను పైవైపు మీట పక్క బల్ల మీద, మెయిన్ బల్ల నుంచి కూడా చెయ్యి అందే చోట ఉంది. దాన్ని నేను ఎక్కువగా వాడింది అక్కని ఏడిపించడానికి. ఒకసారి రహదారుల మీద చర్చ తెగకుండా సాగుతుంటే, అక్క కునికిపాట్లు పడుతోందేమోనని మీట నొక్కి "మ్యావ్" అన్నాను. అక్క నిద్రపోవడం లేదు. ఆమె పక్కనున్నాయన పోతున్నాడు. ఆయన ఉలిక్కిపడి లేచి విన్నది విన్నట్టు కొట్టేశాడు. ఇప్పటికీ సభ లైబ్రరీలో ఆ సంపుటం తెరిస్తే, వంతెనల గురించి మంత్రిగారి జవాబు కింద 'ఒక గౌరవ సభ్యుడు: మ్యావ్' అని ఉంటుంది. మంత్రిగారు తెర మీద అది చూసి దానికీ జవాబు చెప్పారు. పరిశీలనలో ఉందన్నారు.

ఇక ముని. అతని అసలు పేరు వేరే ఉంది కానీ అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా సగమే మాట్లాడతాడు, అందుకని అందరూ ముని అంటారు. వచ్చి ఏడాది కాలేదు. ఇద్దరం టెంపరరీయే. ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు ఉంది. ఇంతవరకూ అయితే భరించేవాణ్ణి. కానీ అతను నన్ను "తమ్ముడూ" అంటాడు. నేను మా అక్కకి తమ్ముణ్ణి. ఇతనికెప్పుడయ్యాను? పైగా మధ్యాహ్నం అక్క తన డబ్బా తెరిచి సగం అతనికి పెడుతుంది. నాకు పెట్టే సగం వేరు, అది అడుగు సగం.

ఆ సోమవారం ముని మెయిన్ బల్ల మీద పనిచేస్తుంటే చూశాను. మీట నొక్కడు, తాకుతాడు. సభ్యుడు లేవబోతున్నాడని భుజం కదలికని బట్టే పసిగట్టి ముందే సిద్ధంగా ఉంటాడు. దగ్గు వచ్చేలోపు తగ్గించి, మాట వచ్చేలోపు పెంచుతాడు. నా చేతిలో అయితే మంత్రుల గొంతులు అప్పుడప్పుడూ డ్రమ్ములో కూర్చుని మాట్లాడినట్టు వినిపించేవి. అది నేను సరదాకి చేసేవాణ్ణి. ముని చేతిలో అందరూ మనుషుల్లా వినిపించారు. చూస్తున్నంతసేపూ నా కడుపులో ఎవరో నిప్పుల మీద నీళ్లు చల్లుతున్నట్టు సుయ్యిమని చప్పుడు. ఆ చప్పుడు బయటికి వినపడుతుందేమోనని ఒకటి రెండుసార్లు దగ్గాను కూడా.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. పక్కన రేడియో. అమ్మ రోజంతా సభ వింటూనే కుడుతుంది. గొడవ ఎక్కువైన రోజు కుట్లు దగ్గరగా పడతాయి.

"రేపేదో పెద్ద బిల్లంటున్నారు. ఏం బిల్లే అది?" అంది అక్కతో.

"ప్రభుత్వం తప్పు చేస్తే ఇప్పుడు కోర్టు ఆపగలదు కదమ్మా. ఇకమీదట ఆపాలంటే ముందు ప్రభుత్వాన్ని అడగాలి. సరేనంటేనే ఆపాలి."

అమ్మ చక్రం మీద చెయ్యి పెట్టి మిషన్ ఆపింది. "అంటే వీణ్ణి కొట్టాలంటే ముందు వీడి పర్మిషన్ తీసుకోవాలన్నమాట."

"నేనైతే ఇస్తానమ్మా," అన్నాను.

"ఇస్తావు. ఇచ్చి గోడ దూకుతావు." మళ్లీ అక్క వైపు తిరిగింది. "పాసవుతుందా?"

"లెక్కపెడితే అవదు. ప్రభుత్వంవాళ్లలోనే చాలామందికి ఇష్టం లేదు. చెయ్యెత్తేది లేదని క్యాంటీన్లో గొణుక్కుంటున్నారు. అందుకే మూజువాణీగా కానిచ్చేద్దామని చూస్తున్నారు. అవునన్నవాళ్లు గట్టిగా అరుస్తారు, కాదన్నవాళ్లు అరుస్తారు, సభాపతి గారు ఏది గట్టిగా వినపడిందంటే అదే. ఎవరు అరిచారో ఎవరు ఊరుకున్నారో దేవుడికి కూడా తెలీదు."

"మరెట్లా?"

"లెక్కపెట్టమని ఒక్కరు అడిగినా పెట్టి తీరాలమ్మా. సభ పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ప్రతిపక్షం తరఫున మైకు ఒక్కరికే ఇస్తారు, టీచరమ్మ గారు అడుగుతారు."

టీచరమ్మ గారంటే ప్రతిపక్షంలో పెద్దావిడ. ఒకప్పుడు బడిపంతులమ్మ. మోకాళ్ల నొప్పని ముందు వరసలో, సరిగ్గా అక్క వెనకాలే సీటిచ్చారు. ఇప్పటికీ మంత్రులు ఆవిడ లేస్తే చొక్కా గుండీలు సరిచూసుకుంటారు.

"ఆవిడకి గొంతు ఆపరేషన్ అయింది కదే. పక్కవాళ్లకే వినపడదన్నావు," అంది అమ్మ.

"మైకుందిగా. ముని ఉన్నాడుగా," అంది అక్క.

ఆ రెండు మాటలూ ఒకే వరసలో, ఒకే ధీమాతో అంది. ముని ఉన్నాడుగా! ఇరవై ఏళ్లకి పైగా ఆ ఇంట్లో నేనున్నాను. నేనున్నానుగా అని ఒక్కసారి, కనీసం బల్బు మార్చేటప్పుడైనా ఎవరూ అనలేదు. "ఆ అబ్బాయిని చూసి నేర్చుకోరా," అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. నేను ఆ క్షణంలోనే నేర్చుకున్నాను, ఏం చెయ్యాలో.

మంగళవారం అందరికంటే ముందు వెళ్లాను. వాచ్‌మన్ నన్ను చూసి గడియారం తప్పనుకుని సరిచేసుకున్నాడు. బూత్ గోడకి ఇనప బీరువా లాంటి ర్యాక్ ఒకటుంది. సీట్ల నుంచి వచ్చే వైర్లన్నీ దాని వెనక ప్లగ్గులుగా దిగుతాయి, సభలో సీట్లు ఎలా ఉంటే అలాగే వరసలుగా. ముందు వరస పై వరసలో, వెనక సీట్లు కిందకి. లైటు వైరు వేరు, గొంతు వైరు వేరు. గొంతు ప్లగ్గుని సగం బయటికి లాగి వదిలేస్తే పైకి బాగానే ఉన్నట్టుంటుంది. లైటు వెలుగుతుంది, గొంతు మాత్రం పోదు.

నా పథకం చాలా మంచిది. న్యాయశాఖ మంత్రి బిల్లు గురించి లేచి నోరు తెరవగానే మైకు మూగబోతుంది. ముని కంగారుపడతాడు. దేశమంతా చూస్తుంటుంది. సూపర్‌వైజర్ గారు జుట్టు పీక్కుంటారు, ఆయనకి లేకపోయినా. అప్పుడు నేను నెమ్మదిగా లేచి, "ఒక్క నిమిషం సార్," అని ర్యాక్ వెనక్కి వెళ్లి ఒక్క తోపు తోస్తాను. మైకు పలుకుతుంది. మెయిన్ బల్ల నాది. మంత్రిది ప్రభుత్వం వైపు ముందు వరస, నడవ పక్క సీటు. వెనక్కి దూరి, కుడివైపు, పై వరస, నడవ పక్క ప్లగ్గు పట్టుకుని సగం లాగాను. చేతికంటిన దుమ్ముని ప్యాంటుకి తుడుచుకుని పక్క బల్ల ముందు బుద్ధిమంతుడిలా కూర్చున్నాను.

మధ్యాహ్నం బిల్లు వచ్చింది. న్యాయశాఖ మంత్రి లేచాడు. ముని మీట తాకాడు. నేను సగం లేచి నిలబడ్డాను, కాపాడటానికి.

"అధ్యక్షా!" అన్నాడు మంత్రి. కిటికీ అద్దాలు అదిరాయి.

నేను కూర్చున్నాను. ప్లగ్గు జారి తనంతట తానే లోపలికెళ్లిందా? మంత్రి మాట్లాడుతూనే ఉన్నాడు. కోర్టులకి పని ఎక్కువైందన్నాడు, పాపం వాటి భారం ప్రభుత్వమే మోస్తుందన్నాడు. ఒక్క అక్షరం పోలేదు. ముని చేతిలో ఆ గొంతు తేనెలా కారింది. ఏం జరిగిందో నాకర్థం కాలేదు. ర్యాక్ వైపు చూశాను, మళ్లీ అద్దంలోంచి సభ వైపు చూశాను. సభ నాకెదురుగా ఉంది. పొద్దున నేను ర్యాక్ వెనక నిలబడ్డాను. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ పనిలో చేరిన మొదటిరోజే సూపర్‌వైజర్ గారు నాకు చెప్పిన ఒకే ఒక్క పాఠం అది. ప్రభుత్వం వైపు నడవ పక్క సీటుకి సరిగ్గా అటువైపు ఎవరుంటారా అని చూశాను.

టీచరమ్మ గారు కర్ర ఆనించుకుని లేస్తున్నారు.

"బిల్లుని ఆమోదించాలన్నవారు అవును అనండి," అన్నారు సభాపతి. అవును అని ఒక గర్జన. "కాదన్నవారు?" కాదు అని ఇంకో గర్జన. రెండూ సమానంగానే వినపడ్డాయి. టీచరమ్మ గారు మైకు దగ్గరికి వంగారు. ముని అప్పటికే మీట తాకాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆవిడ పెదాలు కదిలాయి.

ఏమీ లేదు. సభలో గాలి పంకాల చప్పుడు.

ముని మళ్లీ నొక్కాడు. పెంచాడు. ఇంకా పెంచాడు. మొదటిసారి అతను మీట తాకడం కాదు, పొడవడం చూశాను. టీచరమ్మ గారు చెయ్యెత్తి మళ్లీ అడిగారు. వేలితో మైకుని తట్టారు. ఆ తట్టిన చప్పుడు కూడా రాలేదు. కింద అక్క తల వెనక్కి తిప్పి ఆవిణ్ణి చూసింది, తర్వాత హెడ్‌ఫోన్ని చెవికి అదుముకుని పైకి, మా అద్దం వైపు చూసింది.

ర్యాక్ నా వెనకే ఉంది. లేచి రెండడుగులు వేసి ఒక్క తోపు తోస్తే చాలు. కానీ లేస్తే, పాడైంది ఆ ప్లగ్గేనని నీకెలా తెలుసని అడుగుతారు. నా కాళ్లు రెండూ బల్ల కింద ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. ఏ కాలూ లేవనివ్వలేదు.

"లెక్కింపు ఎవరూ కోరినట్టు వినపడలేదు," అన్నారు సభాపతి. ఆయన కూడా ఎర్ర లైటు వైపు చూశారు, ఆ తర్వాత కాగితాల్లోకి చూసుకున్నారు. "అవునన్నవారిదే ఆధిక్యం. బిల్లు ఆమోదం పొందింది."

టీచరమ్మ గారు కాసేపు అలాగే నిలబడ్డారు, పిల్లలు క్లాసులోంచి వెళ్లిపోయాక కూడా నిలబడే టీచరులాగా. తర్వాత కర్ర పట్టుకుని కూర్చున్నారు.

ముని లేచాడు. మెట్లు దిగి సూపర్‌వైజర్ గారి కోసం పరిగెత్తాడు, మైకు పాడైందని చెప్పడానికి. అతనటు వెళ్లగానే నేను ర్యాక్ వెనక్కి దూరి ప్లగ్గుని లోపలికి తోసేశాను. సూపర్‌వైజర్ గారు వచ్చి పరీక్ష చేశారు. టీచరమ్మ గారి మైకు గంటలా మోగింది.

"పాడవలేదుగా!" అన్నారాయన. మునిని కిందినుంచి పైదాకా చూశారు. ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. "లైటు వెలిగించి గొంతు తీసేశావా? ఎవడూ వేలెత్తి చూపకుండా? ఒరే ఒరే ఒరే... ఏం బుర్రయ్యా నీది!"

"నేను తియ్యలేదు సార్."

"అలాగే, అలాగే." ఆయన కన్ను గీటారు. "పై నుంచి ఫోనొచ్చింది. ఆ కుర్రాడెవరు, బంగారమన్నారట."

నేను చచ్చీ చెడీ పొద్దున్నే లేచి వచ్చి చేసిన పని. పేరు మునికి!

వసారాలో ప్రతిపక్షంవాళ్లు మునిని చుట్టుముట్టారు. అమ్ముడుపోయావన్నారు, నీ గొంతు పడిపోనన్నారు. అతను నిలబడి విన్నాడు. అక్క డబ్బా చంకలో పెట్టుకుని అటే వచ్చింది. నేను తన వెనకే ఉన్నాను.

"నేను తియ్యలేదు," అన్నాడు ముని. అడక్కుండా అతను మాట్లాడటం అదే మొదటిసారి.

"లైటు నేను చూశాను. నా వెనకే కదా ఆవిడ, గొంతు కూడా నా చెవులతో విన్నాను. లెక్కపెట్టండి, లెక్కపెట్టండి అని రెండుసార్లు. హెడ్‌ఫోన్లో మాత్రం గాలి చప్పుడు. బల్ల మీద ఉన్నది నువ్వు. ఇంకెవరు తీస్తారు?"

"చెవులతో విన్నావుగా, రాసెయ్యొచ్చుగా అక్కా?" అన్నాను.

"చెవులతో విన్నది రాసే హక్కు నాకు లేదురా. హెడ్‌ఫోన్లో వచ్చిందే రాయాలి. మైకు పనిచెయ్యలేదని బూత్‌లో ఉన్నవాళ్లు ఎలా పోయిందో చెప్పి ఒప్పుకుంటే అది వేరు. రేపు పొద్దున ఇవాళ్టి రికార్డు ఆమోదిస్తారు. ఆలోపు చెబితే ఓటు మళ్లీ పెట్టి తీరాలి. ఆమోదించాక ఇక దేవుడు దిగొచ్చినా లాభం లేదు." మునిని చూసింది. "చెబుతావా?"

"తెలిస్తే చెబుతాను. ఎలా పోయిందో నాకు తెలీదు."

అక్క డబ్బా తెరవకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి అమ్మ రేడియో కట్టేసింది. "ఆవిడ అడగనే లేదేమిటే?" అంది. "మునెవరో ఉన్నాడన్నావుగా."

"ఆ పేరు ఎత్తకమ్మా," అంది అక్క.

ఈ మాట కోసం నేను నెలల తరబడి కాచుకుని ఉన్నాను. ఇలా అంటుంది, నేను అలా నవ్వుతాను అని అద్దంలో నవ్వు కూడా చూసుకున్నాను. తీరా అన్నాక చేతిలో ముద్దని కంచంలోనే వదిలేశాను. మంచినీళ్లు తాగి చెయ్యి కడుక్కున్నాను. అమ్మ నా వైపు చూసి, "వీడికేమైంది, తిండి మానేశాడు. ప్రభుత్వం మారుతుందా ఏమిటి?" అంది.

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి ముని ర్యాక్ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో టార్చి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడూ," అన్నాడు, "వెనక ప్లగ్గులన్నిటి మీదా దుమ్ముంది. టీచరమ్మ గారిది ఒక్కటే తళతళలాడుతోంది."

"ఎలకలేమో."

"ఎలకలు తుడవవు."

అంతే అన్నాడు. టార్చి ఆర్పాడు. నా ప్యాంటు వైపు చూశాడో లేదో నాకు తెలీదు కానీ, నేను మాత్రం చూసుకున్నాను. నిన్నటి ప్యాంటే. తొడ మీద నాలుగు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. బల్ల కిందికి జరిగి కూర్చున్నాను.

సభ మొదలైంది. కింద అక్క తల ఎత్తకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుంటోంది. నిన్న సాయంత్రం నుంచి నాతో కూడా మాట్లాడలేదు. ఒక్క మ్యావ్ అంటే తిట్టడానికైనా నోరు తెరుస్తుందనిపించింది. రిపోర్టర్ల లైను మీట నొక్కి, వేలు నొప్పి పుట్టకుండా దాని సందులో అగ్గిపుల్ల ఇరికించాను. అది నా పాత ఏర్పాటే. పుల్ల తీసేదాకా లైను తెరిచే ఉంటుంది. మ్యావ్ అనబోయాను. సరిగ్గా అప్పుడు కింద సభాపతి, "నిన్నటి రికార్డులో సవరణలేమైనా ఉన్నాయా?" అన్నారు.

టీచరమ్మ గారు లేచారు. ముని మీట తాకాడు. ఈసారి ఆ సన్నటి గొంతు సభంతా పాకింది.

"అధ్యక్షా, నిన్న నేను లెక్కపెట్టమని అడిగాను."

"రికార్డులో లేదమ్మా. మైకు బాగానే ఉందని బూత్ నుంచి చెప్పారు. ఇంకేమైనా ఆధారం ఉందా?"

"నేను అడిగాను," అన్నారావిడ మళ్లీ. అంతకంటే ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు.

మా తలుపు తోసుకుని సూపర్‌వైజర్ గారు లోపలికొచ్చారు, పెళ్లికొడుకు తండ్రిలా వెలిగిపోతూ. "ముని! పర్మనెంటయ్యా! ఆర్డరు వచ్చేసింది. ఇంత తొందరగా రావడం నా సర్వీసులో చూళ్లేదు."

"నాకొద్దు సార్," అన్నాడు ముని, కళ్లు సభ మీద నుంచి తిప్పకుండా. "చెయ్యని పనికి నాకెందుకు?"

సూపర్‌వైజర్ గారు నా వైపు తిరిగారు. ఆయన కళ్లలో నిజంగానే తడి. "చూశావురా? ఆ వినయం చూశావా? చేసి కూడా చెయ్యలేదంటున్నాడు. నువ్వున్నావు, ఎందుకు? ఆ అబ్బాయిని చూసి నేర్చుకోరా."

మా అమ్మ మాటే. అక్షరం పొల్లుపోకుండా. మూడు రోజులుగా కడుపులో సుయ్యిమంటున్నది ఒక్కసారి పైకి తన్నింది.

"వాడేం చేశాడు సార్? వాడికేం తెలుసు?" అని అరిచాను. "వాడు తియ్యలేదు! టీచరమ్మ గారి ప్లగ్గు లాగింది నేను! మంత్రిది లాగబోయి వెనక నుంచి కుడి ఎడమలు తప్పి ఆవిడది లాగాను! మళ్లీ పెట్టింది కూడా నేనే! మొత్తం నేనే చేశాను సార్, వాడి చెయ్యి కూడా తగల్లేదు!"

ముని ఇటు తిరిగాడు. అతను నా మొహం చూడలేదు. నా బల్ల చూశాడు. మీట సందులో అగ్గిపుల్ల చూశాడు.

నేనూ చూశాను.

అద్దంలోంచి కిందికి చూస్తే, రిపోర్టర్లు ఐదుగురూ తలలు పైకెత్తి మా వైపే చూస్తున్నారు. నలుగురి చేతులు గాల్లో ఆగిపోయాయి. మా అక్క చేతులు మాత్రం ఆగలేదు. కొట్టడం పూర్తయ్యాక తలెత్తింది. బూత్ గోడ మీది స్పీకర్లో ఆమె గొంతు వచ్చింది, ఇంట్లో గొంతు కాదు, సభ గొంతు.

"మాట్లాడుతున్నదెవరు?"

పుట్టినప్పటి నుంచీ ఆమె విన్న గొంతు నాది. నిద్రలో దగ్గితే గుర్తుపడుతుంది. అయినా అడిగింది. పద్ధతి ప్రకారం.

సూపర్‌వైజర్ గారు తల అడ్డంగా ఊపుతున్నారు, పెదాల మీద వేలు పెట్టుకుని. ఆయన చెప్పేది నాకు తెలుసు. పుల్ల తీసెయ్యి. జవాబివ్వకు. అప్పుడది 'ఒక గౌరవ సభ్యుడు' అని పడుతుంది, మ్యావ్ పక్కన చేరుతుంది. ఎవరన్నారో తెలియని మాటకి విలువ లేదు. నా ఉద్యోగం ఉంటుంది. మునికి పర్మనెంటవుతుంది. ఇకమీదట కోర్టులు ప్రభుత్వాన్ని అడిగి ప్రభుత్వాన్ని ఆపుతాయి.

కింద టీచరమ్మ గారు ఇంకా నిలబడే ఉన్నారు. సభాపతి, "మరి సవరణలేమీ లేవు కాబట్టి..." అంటున్నారు.

ముని కుర్చీ వెనక్కి జరిపాడు. మెయిన్ బల్ల మీద, సాంకేతిక లోపం వస్తే సభకి చెప్పడానికి ఒక పొట్టి మైకు ఉంటుంది. దాన్ని నా వైపు తిప్పాడు. మీట తాకాడు. దాని మెడలో ఎర్ర లైటు వెలిగింది. ఇన్నాళ్ల సర్వీసులో నా మొహం ముందు ఆ లైటు వెలగడం అదే మొదలు. చాలా ఎర్రగా ఉంటుంది. కింద కూర్చున్నవాళ్లు అంతసేపు దాని ముందు ఎలా అబద్ధాలాడగలరో నాకు అంతుపట్టలేదు.

నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. సౌండ్ బూత్, పక్క బల్ల, టెంపరరీ అన్నాను. సభ అటు నుంచి ఇటు తిరిగింది.

"నిన్న టీచరమ్మ గారు లెక్కపెట్టమని అడిగారండీ. రెండుసార్లు అడిగారు. లైటు వెలుగుతూనే ఉంది. గొంతు వైరు నేను లాగాను. పక్కనే ఉండి కూడా పెట్టలేదు. తర్వాత ఎవరూ చూడకుండా పెట్టాను. మునికి సంబంధం లేదు."

సభాపతి కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, పైకి చూశారు. టీచరమ్మ గారు కూడా మెడ ఎత్తి నన్ను చూశారు, వెనక బెంచీలో దాక్కున్నవాణ్ణి చూసినట్టు. మైకు దగ్గరికి వంగి, "ఎందుకు చేశావు బాబూ?" అన్నారు.

ఎవరో బెదిరించారని చెప్పొచ్చు. డబ్బిచ్చారని చెప్పినా నమ్ముతారు, పరువుగా ఉంటుంది కూడా. సభంతా ఎదురుచూస్తోంది. అక్క వేళ్లు కీల మీద ఆగి ఉన్నాయి.

"కుళ్లుతో అండీ," అన్నాను.

రెండువైపులా నవ్వారు. ప్రతిపక్షం, ప్రభుత్వం కలిసి ఒకే మాటకి నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అక్క నవ్వలేదు. తల దించి, రాసుకుంది.